బోర్డు మారితే ద్రోహమా? అంబటి రాయుడు ముచ్చట, వందేళ్ల ముందు వేల్స్‌లో ఒక బొగ్గుబాయి ఆటగాడి ముచ్చట

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పొడుగుంటుంది, కానీ చివరిదాకా ఉండండి. ఎందుకంటే ఇది ఒక్క మనిషి కథ కాదు. ఇద్దరి కథ. ఒకరు మనందరికీ తెలిసిన అంబటి రాయుడు. ఇంకొకరు మనలో ఎవ్వరూ పేరు విననివాడు, వేల్స్ దేశంలో బొగ్గుబాయిలో పనిచేసిన డై జోన్స్. ఇద్దరి మధ్య వందేళ్ల తేడా. ఒకరిది క్రికెట్, ఇంకొకరిది రగ్బీ. కానీ ఇద్దరికీ పడ్డ శిక్ష దాదాపు ఒక్కటే: "నువ్వు అటువైపు ఆడినవు, ఇక ఇటువైపు రాకు."

ముందు మన దగ్గరి సీన్ చెప్తా. జనగామలో గానీ, మహబూబాబాద్‌లో గానీ, భూపాలపల్లిలో గానీ పండగకి టోర్నమెంట్ పెడతారు కదా. క్రికెట్ అయినా, కబడ్డీ అయినా. మన ఊరి టీమ్‌లో మంచిగా ఆడే ఒక పోరడు ఉంటాడు. పక్క మండలం టీమ్ వాళ్లు వచ్చి, "మాకు ఆడు అన్నా, బండిలో పెట్రోల్ పోయిస్తం, గెలిస్తే ఇంత ఇస్తం" అంటారు. ఆ పోరడు పోతాడు. తెల్లారి మన ఊర్లో ఏమంటారు? "వాన్ని మళ్లీ టీమ్‌లోకి రానియ్యొద్దు." ఎవ్వరూ కూడా "మనం వానికి ఇన్ని రోజులు ఏమిచ్చినం?" అని అడగరు.

ఇదే గొడవ పెద్ద లెవెల్‌లో, కోట్ల రూపాయలు, దేశం జెర్సీ మధ్యలో పెట్టి జరిగితే ఎట్లుంటుంది? అదే ఈరోజు టాపిక్.

రాయుడుతో మొదలుపెడదాం. అంబటి తిరుపతి రాయుడు 1985 సెప్టెంబర్ 23న గుంటూరులో పుట్టాడు. క్రికెట్ నేర్చుకుంది, ఆడింది హైదరాబాద్‌కి. ఇప్పుడు మీమ్స్‌లో చూసే రాయుడిని కాసేపు పక్కన పెట్టండి. 2002లో ఉన్న రాయుడిని చూడండి. ఆ ఏడాది అండర్ 19 టీమ్‌తో ఇంగ్లండ్ పోయాడు. టాంటన్‌లో జరిగిన వన్డేలో 177 నాటౌట్ కొట్టాడు. ఇంటికొచ్చాక రంజీ సీజన్. ఆంధ్రతో మ్యాచ్. ఒక ఇన్నింగ్స్‌లో 210, ఇంకో ఇన్నింగ్స్‌లో 159 నాటౌట్. అప్పుడు అతని వయసు 17. ఒకే ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ రెండూ కొట్టిన వాళ్లలో అంత చిన్న వయసువాడు అంతకుముందు లేడు.

2004లో బంగ్లాదేశ్‌లో అండర్ 19 వరల్డ్ కప్. ఇండియా కెప్టెన్ రాయుడే. ఆ టీమ్‌లో ఎవరెవరు ఉన్నారో వినండి: శిఖర్ ధావన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్, రాబిన్ ఉతప్ప, ఆర్‌పీ సింగ్. వీళ్లందరికీ కెప్టెన్ మన తెలుగు పోరడు. సెమీస్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడిపోయారు గానీ, ఆ టీమ్ మొత్తం మీద దేశం కళ్లు పడ్డాయి.

తర్వాత ఏమైంది? కార్తీక్ అదే 2004లో ఇండియాకి ఆడాడు. రైనా, ఆర్‌పీ సింగ్ 2005లో. ఉతప్ప 2006లో. కెప్టెన్ మాత్రం రంజీ గ్రౌండ్‌లలోనే ఉండిపోయాడు. నిజం చెప్పాలంటే మధ్యలో అతని ఫామ్ కూడా పోయింది. ఒక సీజన్ హైదరాబాద్ వదిలి ఆంధ్రకి ఆడాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. అంటే అన్యాయం ఒక్కటే కారణం అని చెప్పలేం. టాలెంట్ ఉన్నా, దారి కనపడని టైమ్ అది.

ఇప్పుడు 2007కి రండి. మీలో చాలామంది అప్పటికి ఇంకా బడికి కూడా పోయి ఉండరు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. అప్పటికి ఐపీఎల్ లేదు. రంజీ ఆడే కుర్రాడు ఇండియా టీమ్‌లోకి పోకపోతే, క్రికెట్ మీద బతకడం కష్టం. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో, బ్యాంక్‌లోనో ఉద్యోగం దొరికితే దొరికినట్టు. ఇండియా టీమ్‌లో ఉండేది పదిహేను మంది. రంజీ ఆడేది వందల మంది. మిగతా వాళ్ల సంగతి ఏంటి అన్న ప్రశ్నకి జవాబు లేదు.

ఆ టైమ్‌లో జీ టీవీ యజమాని సుభాష్ చంద్ర ఇండియన్ క్రికెట్ లీగ్ అని ఒకటి మొదలుపెట్టాడు. షార్ట్‌గా ఐసీఎల్. ఆయన దేశసేవ కోసం పెట్టలేదు, అది కూడా చెప్పుకోవాలి. క్రికెట్ టెలికాస్ట్ హక్కులు ఆయన చేతికి రాలేదు. "మ్యాచ్‌లు అమ్మకపోతే, మ్యాచ్‌లు నేనే తయారు చేసుకుంటా" అన్నాడు. సిటీ పేర్లతో టీమ్‌లు, 20 ఓవర్ల ఆట, రంగురంగుల డ్రెస్సులు, ఫారిన్ ప్లేయర్లు, రాత్రి లైట్ల కింద మ్యాచ్‌లు. లీగ్‌కి పెద్దమనిషిగా కపిల్ దేవ్. ఇదంతా వింటుంటే మీకు ఏదో గుర్తొస్తోంది కదా? ఆగండి, దాని దగ్గరికే వస్తున్నా.

బీసీసీఐ ఊరుకుంటుందా? ఊరుకోలేదు. కపిల్ దేవ్‌ని నేషనల్ క్రికెట్ అకాడమీ ఛైర్మన్ పదవి నుంచి తీసేసింది. ఐసీఎల్‌లో చేరిన ఆటగాడికి దేశం తరఫున ఆడే దారి బంద్. రంజీ బంద్. బోర్డు గ్రౌండ్‌లు కూడా ఆ లీగ్‌కి ఇవ్వలేదు. అందుకే ఐసీఎల్ మ్యాచ్‌లు పంచకులలో జరిగాయి, మన హైదరాబాద్‌లో అయితే ఉప్పల్‌లో కాకుండా ప్రభుత్వం చేతిలో ఉన్న లాల్ బహదూర్ స్టేడియంలో జరిగాయి. లీగ్‌తో సంబంధం పెట్టుకున్న పాత ఆటగాళ్ల పెన్షన్ కూడా ఆపేశారు.

మనలో ఐటీ జాబ్ చేసినవాళ్లకి ఇది తొందరగా అర్థమవుతుంది. ఫ్రెషర్‌గా చేరినప్పుడు బాండ్ రాయించుకునే కంపెనీలు ఉంటాయి కదా, ఫలానా కాంపిటీటర్ దగ్గరికి పోవద్దు అని. కానీ కంపెనీ ఆఫర్ లెటర్ ఇస్తుంది, నెల నెలా జీతం ఇస్తుంది. ఇక్కడ చాలామంది రంజీ ఆటగాళ్లకి బోర్డుతో అట్లాంటి ఏడాది పొడుగు కాంట్రాక్టే లేదు. జీతం పెట్టి కట్టెయ్యలేదు, నిషేధం పెట్టి కట్టేశారు. ఇది మామూలు తేడా కాదు.

22 ఏళ్ల వయసులో రాయుడు ఐసీఎల్ వైపు పోయాడు. టీమ్ పేరు హైదరాబాద్ హీరోస్. కెప్టెన్ న్యూజిలాండ్ ఆల్‌రౌండర్ క్రిస్ హారిస్. హైదరాబాద్ రంజీ టీమ్ నుంచి ఇంకొంతమంది కుర్రాళ్లు కూడా అటే పోయారు. 2008లో ఇంజమామ్ కెప్టెన్‌గా ఉన్న లాహోర్ బాద్‌షాస్‌ని ఓడించి హైదరాబాద్ హీరోస్ ట్రోఫీ గెలిచింది. ఆట బాగానే ఉంది. గ్రౌండ్‌కి జనం కూడా వచ్చారు. కానీ రికార్డు పుస్తకంలో ఆ పరుగులకి లెక్క లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి డేట్లు చూడండి. 2007 సెప్టెంబర్ 24న జొహానెస్‌బర్గ్‌లో ఇండియా మొదటి టీ20 వరల్డ్ కప్ గెలిచింది. ఆ స్క్వాడ్‌లో ఆర్‌పీ సింగ్, ఉతప్ప, కార్తీక్ ఉన్నారు. మూడేళ్ల ముందు రాయుడి కెప్టెన్సీ కింద ఆడిన ముగ్గురు. ఇంకో రెండు నెలలకి, అదే ఏడాది చివర్లో, రాయుడు పంచకులలో ఐసీఎల్ మొదటి టోర్నమెంట్ ఆడుతున్నాడు. వాళ్లు బస్సు మీద ఊరేగింపులో, ఇతను నిషేధంలో.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఆ వరల్డ్ కప్ నడుస్తుండగానే, 2007 సెప్టెంబర్‌లోనే బీసీసీఐ ఒక కొత్త లీగ్ ప్రకటించింది. సిటీ పేర్లతో టీమ్‌లు, 20 ఓవర్లు, ఫారిన్ ప్లేయర్లు, రాత్రి లైట్లు. 2008 ఏప్రిల్ 18న బెంగళూరులో మొదటి మ్యాచ్. అవును, ఐపీఎల్. ఐసీఎల్‌లో ఆడితే తప్పు, అదే మోడల్ ఐపీఎల్‌లో ఆడితే కెరీర్. తప్పు ఆటలో లేదు, డబ్బులో లేదు. ఎవరి గొడుగు కింద ఆడినవు అన్నదాంట్లో ఉంది.

ఇది క్రికెట్‌లో మాత్రమే జరిగిందా? కాదు. దీనికి వందేళ్ల ముందు ఇంతకంటే గట్టిగా జరిగింది. అందుకే ఇప్పుడు మిమ్మల్ని వేల్స్ తీసుకెళ్తా. వేల్స్ అంటే ఇంగ్లండ్ పక్కనే ఉండే చిన్న దేశం. దక్షిణ వేల్స్ అంటే లోయలు, లోయల నిండా బొగ్గు. భూపాలపల్లి నుంచి చూసేవాళ్లకి ఈ పార్ట్ నేను ఎక్కువ ఎక్స్‌ప్లెయిన్ చేయక్కర్లేదు. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. మన మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ నుంచి ఆ బొగ్గు కోసమే రైలు లైన్ పడింది. సరిగ్గా అదే కాలంలో వేల్స్ లోయల్లో కూడా బాయి, షిఫ్ట్, రైలు, ఇదే జీవితం. తేడా ఏంటంటే, అక్కడ షిఫ్ట్ అయ్యాక ఆడే ఆట రగ్బీ.

రగ్బీ అప్పట్లో ఇంగ్లండ్‌లో పెద్ద స్కూళ్లలో చదివిన దొరల ఆట. వాళ్ల రూల్ ఒక్కటే: ఆటకి డబ్బు తీసుకోవద్దు. డబ్బు తీసుకుంటే నువ్వు జెంటిల్‌మన్ కాదు. వినడానికి చాలా పవిత్రంగా ఉంటుంది. కానీ ఒక లెక్క చూడండి. మ్యాచ్ శనివారం. వేరే ఊరికి పోవాలంటే పొద్దున షిఫ్ట్ వదిలెయ్యాలి. లాయర్‌కి, డాక్టర్‌కి అది సమస్య కాదు. గనిలోనో మిల్లులోనో పనిచేసేవాడికి ఆ రోజు నాగా పడుతుంది, కూలీ పోతుంది. మన సింగరేణి భాషలో చెప్పాలంటే మస్టర్ పోతుంది. మరి ఆట ఆడినందుకు జేబులోంచి కట్టుకోవాలా?

ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు 1893లో ఒక ప్రపోజల్ పెట్టాయి: జీతం వద్దు, పోయిన కూలీ మాత్రం ఇద్దాం. ఇంగ్లండ్ రగ్బీ యూనియన్ మీటింగ్‌లో ఓటింగ్ జరిగింది. వద్దు అన్నవాళ్లు 282, కావాలి అన్నవాళ్లు 136. అంతే, గేటు మూసేశారు. రెండేళ్లకి, 1895 ఆగస్టు 29న, హడర్స్‌ఫీల్డ్ అనే ఊర్లో జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని "మేము వేరు" అన్నాయి. నార్తర్న్ యూనియన్ పుట్టింది. పోయిన కూలీ కింద రోజుకి 6 షిల్లింగుల దాకా ఇవ్వొచ్చు అన్నారు. తర్వాత రూల్స్ కూడా మారాయి, 1906 నుంచి టీమ్‌కి 15 మంది బదులు 13 మంది. ఈరోజు రగ్బీ యూనియన్, రగ్బీ లీగ్ అని రెండు వేర్వేరు ఆటలు ఎందుకున్నాయి అంటే, కారణం ఇదే. ఒక రోజు కూలీ దగ్గర మొదలైన గొడవ.

వెంటనే యూనియన్ వాళ్ల నుంచి నిషేధం. ఎంత గట్టిదంటే, నార్తర్న్ యూనియన్‌లో నువ్వు పైసా తీసుకోకుండా ఆడినా సరే, ఇటువైపు తలుపు మూసినట్టే. తలుపు మూస్తే మళ్లీ తెరవరు. అటుపోయిన మనిషికి రిటర్న్ టికెట్ లేదు.

ఇప్పుడు మన డై జోన్స్. ఊరు అబర్డేర్, బొగ్గు లోయ. పుట్టింది 1881లో. పోలీసుగా పనిచేశాడు, బొగ్గుబాయిలో పనిచేశాడు. మనిషి భారీ. అందుకే ముద్దుపేరు "టారూ". వాళ్ల వెల్ష్ భాషలో ఆ మాటకి ఎద్దు అని అర్థం. మన దగ్గర "ఆంబోతు లెక్క ఉన్నడు" అంటాం చూడండి, అదే. 1902 నుంచి 1906 వరకు వేల్స్‌కి 13 మ్యాచ్‌లు ఆడాడు.

అందులో ఒక మ్యాచ్ డేట్ వేల్స్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. 1905 డిసెంబర్ 16, కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్. న్యూజిలాండ్ టీమ్ టూర్‌కి వచ్చింది. ఆల్ బ్లాక్స్ అన్న పేరు ప్రపంచానికి తెలిసింది ఆ టూర్‌తోనే. మొత్తం 35 మ్యాచ్‌లు ఆడితే 34 గెలిచారు. ఓడింది ఒక్కటి. అది ఈ మ్యాచ్. వేల్స్ 3, న్యూజిలాండ్ 0. టెడ్డీ మోర్గాన్ ఒక్క ట్రై చేశాడు, అదే మొత్తం స్కోరు. న్యూజిలాండ్ ఆటగాడు బాబ్ డీన్స్ కూడా లైన్ దాటి ట్రై చేశాడని వాళ్లు ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు. ఆ రోజు వేల్స్ ఫార్వర్డ్స్‌లో మన బొగ్గుబాయి ఎద్దు ఉన్నాడు. క్రికెట్‌లో చెప్పాలంటే 1983 లార్డ్స్ టీమ్‌లో ఉన్నట్టు లెక్క.

రెండేళ్లు కూడా కాలేదు. 1907లో అబర్డేర్ క్లబ్ చుట్టూ డబ్బుల గొడవ బయటపడింది. ఆటగాళ్లకి లోపాయికారీగా డబ్బులిచ్చారని ఆరోపణలు. వేల్స్ యూనియన్ విచారణ పెట్టింది. నిషేధం పడ్డ వాళ్లలో డై జోన్స్ కూడా ఉన్నాడు. న్యూజిలాండ్‌ని ఓడించిన హీరో, ఇప్పుడు యూనియన్ గ్రౌండ్‌లో అడుగు పెట్టడానికి లేదు.

ఇక్కడ ఒక పోలిక చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పదేళ్ల ముందు వేల్స్‌లో ఆర్థర్ గూల్డ్ అని పెద్ద స్టార్ ఉండేవాడు. వేల్స్ కెప్టెన్. ఆయన రిటైర్ అయ్యే టైమ్‌కి అభిమానులు చందాలు వేసుకుని 1897లో ఏకంగా ఒక ఇల్లు కానుకగా ఇచ్చారు. ఇంగ్లండ్ పెద్దలు "ఇది డబ్బు తీసుకోవడమే" అన్నారు. అప్పుడు వేల్స్ యూనియన్ ఏం చేసింది? తన కెప్టెన్ కోసం ఇంటర్నేషనల్ బోర్డు నుంచే బయటికొచ్చింది. తర్వాత ఇంగ్లండ్ కూడా ఏదో ఒక దారి వెతికి గూల్డ్ విషయంలో సర్దుకుంది. 1898లో వేల్స్ మళ్లీ బోర్డులోకి వచ్చింది. అంటే ఇల్లు తీసుకున్న స్టార్ అమెచ్యూరే. చేతిలో కొన్ని నోట్లు పెట్టించుకున్నాడన్న గని కార్మికుడు మాత్రం ప్రొఫెషనల్, బయటికి పో. రూల్ ఒక్కటే, దానికి ఎవడు దొరికాడు అన్నదే తేడా.

డై జోన్స్ ఏం చేశాడు? పక్క లోయలో మెర్థర్ టిడ్‌ఫిల్ ఊర్లో అప్పుడే కొత్త నార్తర్న్ యూనియన్ క్లబ్ మొదలైంది. అందులో చేరాడు. ఇంతలో న్యూజిలాండ్‌లో కూడా ఇదే మంట అంటుకుంది. ఆల్బర్ట్ బాస్కర్‌విల్ అనే కుర్రాడు ఆటగాళ్లని పోగుచేసి, తలా కొంత డబ్బు వేసుకుని, నార్తర్న్ యూనియన్ ఆట ఆడటానికి టీమ్‌ని తీసుకొచ్చాడు. డబ్బు కోసం ఆడుతున్నారని వెక్కిరిస్తూ ఆల్ బ్లాక్స్‌ని కాస్తా ఆల్ గోల్డ్స్ అన్నారు పేపర్లవాళ్లు. ఆ పేరే నిలిచిపోయింది.

1908 జనవరి 1. వేల్స్ తరఫున ఈ కొత్త ఆటలో మొట్టమొదటి ఇంటర్నేషనల్ మ్యాచ్. ప్రత్యర్థి ఆల్ గోల్డ్స్. గ్రౌండ్ ఎక్కడో తెలుసా? అబర్డేర్. డై జోన్స్ సొంత ఊరు. కొన్ని నెలల కింద ఏ ఊరి క్లబ్ పేరు మీద నిషేధం పడిందో, అదే ఊరు. మ్యాచ్ చివరిదాకా టైట్‌గా నడిచింది. చివర్లో గెలిపించే ట్రై చేసింది ఎవరు? ఆ ఎద్దే. వేల్స్ 9, న్యూజిలాండ్ 8. రెండు ఆటల్లోనూ న్యూజిలాండ్‌ని ఓడించిన టీమ్‌లో ఉన్నాడు అతను. కోడ్ మారింది గానీ కండలు అవే, ఊరు అదే, ఆటగాడు అతనే. అయినా యూనియన్ లెక్కలో 1905లో ఆడింది హీరో, 1908లో ఆడింది ద్రోహి.

కానీ ఫ్రెండ్స్, దీన్ని సినిమా క్లైమాక్స్‌లాగా ఇక్కడ ఆపేస్తే మోసం అవుతుంది. ఎందుకంటే వెళ్లిన చోటు కూడా గట్టిగా నిలబడలేదు. మెర్థర్ క్లబ్ 1911లో మూతపడింది. వేల్స్‌లో మొదలైన మిగతా కొత్త క్లబ్బులు కూడా కొన్నేళ్లలోనే పోయాయి. పాత ఆటకి వెనక్కి పోయే దారి లేదు. లీగ్ ఆడాలనుకున్న వెల్ష్ కుర్రాళ్లు ఇల్లు వదిలి ఉత్తర ఇంగ్లండ్‌కి వలస పోయారు, ఒకరిద్దరు కాదు, తరాలకి తరాలు. డై జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో వెల్ష్ గార్డ్స్ సైన్యంలో పనిచేశాడు. 1933లో చనిపోయాడు. ఆయనని బయటికి తోసిన రూల్ మాత్రం ఆయన తర్వాత ఇంకో అరవై ఏళ్లు బతికింది.

1995 ఆగస్టులో రగ్బీ యూనియన్ పెద్దలు ప్రకటించారు: ఇకనుంచి ఆటగాళ్లకి డబ్బు ఇవ్వొచ్చు. హడర్స్‌ఫీల్డ్ హోటల్ మీటింగ్‌కి సరిగ్గా వందేళ్లు నిండిన నెల అది. ఒక రోజు కూలీ ఇస్తే ఆట నాశనం అవుతుందని గేటు మూసినవాళ్లు, వందేళ్ల తర్వాత కోట్ల కాంట్రాక్టులు ఓకే అన్నారు. ఆట నాశనం అయిందా? కాలేదు. ఇంకా పెద్దదైంది.

ఇప్పుడు మళ్లీ మన దగ్గరికి వద్దాం. ఐసీఎల్ కూడా మెర్థర్ క్లబ్‌లాగే ఎక్కువ కాలం నిలబడలేదు. 2008 చివరికల్లా బండి ఆగిపోయింది. 2009లో బీసీసీఐ క్షమాభిక్ష ప్రకటించింది. ఐసీఎల్‌తో తెగదెంపులు చేసుకుంటే వెనక్కి రావొచ్చు అని. పదుల కొద్దీ ఆటగాళ్లు వచ్చారు, రాయుడు కూడా వచ్చాడు. డై జోన్స్‌కి లేని రిటర్న్ టికెట్ ఇతనికి దొరికింది. రెండు డొమెస్టిక్ సీజన్లు మాత్రం పోయాయి. ఫాస్ట్ బౌలర్‌కి, బ్యాట్స్‌మన్‌కి 22 నుంచి 24 మధ్య వయసు అంటే ఏంటో ఆట చూసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

తర్వాతి కథ మీకు తెలుసు. 2010లో ముంబై ఇండియన్స్. అదే ఏడాది నుంచి రంజీలో బరోడాకి. 2013 జులై 24న హరారేలో జింబాబ్వే మీద వన్డే అరంగేట్రం, 63 నాటౌట్. అప్పటికి వయసు 27. తన అండర్ 19 టీమ్ వాళ్లు ఆడిన తొమ్మిదేళ్లకి కెప్టెన్ వంతు వచ్చింది. మొత్తం 55 వన్డేలు, 1694 పరుగులు, సగటు 47.05. ఆ సగటు చిన్నది కాదు, పెద్ద పెద్దవాళ్ల పక్కన పెట్టొచ్చు. 2015 వరల్డ్ కప్ స్క్వాడ్‌లో ఉన్నాడు, ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వలేదు. 2019లో నాలుగో నంబర్ తనదే అనుకుంటే, స్క్వాడ్‌లో పేరే లేదు. ఆ త్రీడీ కళ్లద్దాల ట్వీట్ అందరికీ గుర్తుండే ఉంటుంది. జనం నవ్వుకున్నారు. కానీ 17 ఏళ్లకి డబుల్ సెంచరీ కొట్టి, 33 ఏళ్లకి కూడా వరల్డ్ కప్ మ్యాచ్ ఆడని మనిషి రాసిన ట్వీట్ అది. అట్లా చదివితే నవ్వు రాదు.

ఐపీఎల్‌లో మాత్రం ముంబైతో మూడు, చెన్నైతో మూడు, మొత్తం ఆరు ట్రోఫీలు. 2018లో చెన్నై తరఫున 602 పరుగులు. ఐసీఎల్ మోడల్ తప్పు అని శిక్ష పడ్డ మనిషే, అదే మోడల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ ట్రోఫీలు గెలిచినవాళ్ల వరసలో నిలబడ్డాడు.

ఇంకో పేరు చెప్తా. ఇబ్రహీం ఖలీల్, హైదరాబాద్ వికెట్ కీపర్. ఆయన కూడా హైదరాబాద్ హీరోస్‌కి ఆడి, క్షమాభిక్ష తర్వాత వెనక్కి వచ్చాడు. 2011లో అస్సాంతో రంజీ మ్యాచ్‌లో 14 మందిని ఔట్ చేశాడు, క్యాచ్‌లు, స్టంపింగ్‌లు కలిపి. ఒక ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లో ఒక వికెట్ కీపర్‌కి అది ప్రపంచ రికార్డు. ఇండియాకి ఆడలేదు. నిషేధం వల్లే ఆడలేదు అని నేను అనను. అప్పుడు ధోనీ ఉన్నాడు. కానీ పోయిన సీజన్లు ఎవరికీ తిరిగి రాలేదు అన్నది మాత్రం నిజం.

మరి బోర్డు వైపు న్యాయం ఏం లేదా? ఉంది. అండర్ 14 నుంచి టోర్నమెంట్లు నడిపేది బోర్డు. గ్రౌండ్లు, అంపైర్లు, కోచ్‌లు, అన్నీ వాళ్ల ఖర్చు. ఒక టీవీ యజమాని వచ్చి తయారైన ఆటగాళ్లని ఎత్తుకుపోతే, కింద పిల్లల క్రికెట్‌కి డబ్బు ఎవరు పెడతారు? ఇది సరైన ప్రశ్నే. రగ్బీ యూనియన్ వాళ్ల భయం కూడా కొంత నిజం, పైసలున్న క్లబ్బులే బాగున్న ఆటగాళ్లందరినీ కొనేస్తాయని. సమస్య ఆ ప్రశ్నలో లేదు. దానికి వాళ్లు వెతికిన జవాబులో ఉంది. మంచి జీతం ఇచ్చి ఆటగాన్ని నిలుపుకోవచ్చు. కాంట్రాక్ట్ రాసుకుని, వదిలిపోతే కాంపెన్సేషన్ అడగొచ్చు. ఐపీఎల్ పెట్టాక చేసింది అదే కదా? డబ్బు చూపించారు, మళ్లీ ఇంకో ఐసీఎల్ లేవలేదు. అంటే ఆటను కాపాడింది ఐపీఎల్ జీతాలు, నిషేధం కాదు. నిషేధం చేసిన పని ఒక్కటే, మార్పుని కొన్నాళ్లు లేట్ చేయడం. క్రికెట్‌లో ఆ లేట్ కొన్ని నెలలే. రగ్బీలో వందేళ్లు. ఆ లేట్‌కి ఫైన్ కట్టింది బోర్డు మెంబర్లు కాదు, ఆటగాళ్లు. వాళ్లు కట్టింది డబ్బుతో కాదు, వయసుతో.

అందుకే హిస్టరీలో "ద్రోహి" అన్న మాట కనిపిస్తే నేను వెంటనే రెండు విషయాలు చూస్తా. ఆ మనిషికి ముందున్న చోట ఏం దొరికింది? ద్రోహి అన్నవాళ్లే కొన్నేళ్ల తర్వాత అదే పని చేశారా? డై జోన్స్ విషయంలో మొదటి జవాబు: పోయిన మస్టర్. రెండో జవాబు: 1995. రాయుడు విషయంలో మొదటి జవాబు: మూడేళ్ల ఎదురుచూపు. రెండో జవాబు: 2008 ఏప్రిల్ 18.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మన ఊరి టోర్నమెంట్ ముచ్చట. వచ్చే సంక్రాంతికో, దసరాకో మీ టీమ్ పోరడు పక్క ఊరికి ఆడితే, వెంటనే వాట్సాప్ గ్రూప్ నుంచి రిమూవ్ కొట్టకండి. వాడు పొద్దున ఆటో నడిపి వస్తున్నాడా, రాత్రి షిఫ్ట్ దిగి నిద్ర లేకుండా వస్తున్నాడా, షూస్ ఎవరు కొనిచ్చారు, చెయ్యి విరిగితే ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టారు, ఒకసారి లెక్క వేయండి. లెక్క వేశాక కూడా కోపం ఉంటే, అప్పుడు మాట్లాడండి. టీమ్ చందాలో ఆటగాళ్ల దెబ్బలకి, దారి ఖర్చులకి కొంత పక్కన పెట్టే ఊర్లు ఉంటే, ఎట్లా నడిపిస్తున్నారో కామెంట్‌లో రాయండి. మిగతా ఊర్లవాళ్లు చూసి నేర్చుకుంటారు.

ఈ ముచ్చట నచ్చితే మీ టీమ్ కెప్టెన్‌కి షేర్ చేయండి, ముఖ్యంగా కోపం ఎక్కువున్న కెప్టెన్‌కి. మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.